వాతావరణ గ్రాంట్ల ఫైలు: విడత తేదీని వానల నుంచి వెనక్కి లెక్కించే పద్ధతి

నమస్కారం. వాతావరణ మార్పును తట్టుకునే పనులకు గ్రాంట్లు ఇచ్చే ఒక ధర్మసంస్థలో, హైదరాబాదులో, నేను కార్యాలయ నిర్వహణ చూస్తున్నాను. ఏ సంస్థకు ఎంత ఇవ్వాలో ప్రోగ్రామ్ అధికారులు, ట్రస్టీలు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం తర్వాత పత్రాలు తెప్పించడం, ఒప్పందం సిద్ధం చేయడం, విడతలు వేళకు విడుదలయ్యేలా చూడటం, నివేదికలు అడిగి తీసుకోవడం నా పని. ఇలాంటి ఉద్యోగంలో కొత్తగా చేరినవారి కోసం, నేను రోజూ తెరిచే ఎక్సెల్ ఫైలును ఈ వీడియోలో మొదటి నుంచి తయారు చేసి చూపిస్తాను.

స్క్రీన్ మీద ఖాళీ షీటు ఉంది. మొదటి వరుసలో శీర్షికలు రాస్తున్నాను: సంస్థ పేరు, జిల్లా, పని, మొత్తం గ్రాంటు, డబ్బు మూలం, విడతలు, నివేదికలు. టైపు చేసే భాగాన్ని వీడియోలో వేగంగా నడిపిస్తున్నాను, మీరు ఆపి చూసుకోవచ్చు. పై వరుస కదలకుండా ఫ్రీజ్ చేశాను. ఫిల్టర్ కోసం కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కాను. ఇంతవరకు అందరికీ తెలిసినదే.

డబ్బు మూలం అనే గడి దగ్గర మాత్రం కొద్దిగా ఆగుదాం. ఇందులో మూడే మాటలు ఎంచుకునేలా జాబితా పెట్టాను: సొంత నిధి, సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సొమ్ము), విదేశీ. చేత్తో టైపు చేసే అవకాశం ఉంచలేదు. దీనికి కారణం ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఒక సంస్థ తనకు అందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే ఈ గడిలో విదేశీ అని ఉంటే, ఆ డబ్బుతో మనం నేరుగా చేసే పనే చేయాలి తప్ప, ఇంకొకరికి గ్రాంటుగా ఇవ్వడానికి వీల్లేదు. అందుకే ఆ మాట ఎంచుకోగానే వరుసంతా ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. ఇదిగో, ఎంచుకున్నాను, ఎర్రబడింది. తీసేస్తున్నాను.

తర్వాతి షీటు పత్రాలది. పాన్, రిజిస్ట్రేషన్ పత్రం, ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏబీ, 80జీ పత్రాలు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్ ఇచ్చిన సంఖ్య, మూడేళ్ళ ఆడిట్ నివేదికలు, క్యాన్సిల్డ్ చెక్కు. కంపెనీ సీఎస్ఆర్ సొమ్ము నేరుగా వెళ్ళే ప్రాజెక్టయితే, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్ఆర్-1 నమోదు సంఖ్య కూడా కావాలి. అందిన ప్రతి పత్రానికీ ఆనాటి తేదీ వేస్తాను. కంట్రోల్, సెమికోలన్ నొక్కితే ఆనాటి తేదీ దానంతట అదే పడుతుంది. ఈ షార్ట్‌కట్ నాకు చాలా ఇష్టం, రోజుకు ఇరవైసార్లయినా వాడతాను. పాన్ మీద, రిజిస్ట్రేషన్ పత్రం మీద, చెక్కు మీద సంస్థ పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉందా అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సొసైటీ అన్న ఒక్క మాట ఒకచోట ఉండి మరోచోట లేకపోయినా ఇప్పుడే సరిచేయించండి.

ఇక విడతల షీటుకు వచ్చాం. ఈ వీడియోలో ఎక్కువ సమయం ఇక్కడే గడుపుతాం.

ముందు తేదీల సంగతి. తేదీని అంకెల్లోనే చూపించేలా ముందే అమర్చిన ఈ ఖాళీ గడిలో ఏప్రిల్ 5 అని రాయాలి. మనం అలవాటుగా 05/04 అని టైపు చేస్తాం. చేశాను. ఎంటర్ నొక్కాను. ఇప్పుడు పైనున్న ఫార్ములా బార్ చూడండి, జాగ్రత్తగా చూడండి. అక్కడ 5/4, దాని పక్కన ఏడాది కనిపిస్తున్నాయి, అంటే కంప్యూటర్ దీన్ని మే 4గా తీసుకుంది. విండోస్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే నెలను ముందుగా, రోజును తర్వాతగా చదువుతుంది. ఇప్పుడు కింది గడిలో 25/04 అని కొడుతున్నాను. నెలలు పన్నెండే కాబట్టి 25వ నెల లేదు, అందువల్ల కంప్యూటర్ దీన్ని తేదీగా తీసుకోకుండా అక్షరాలుగా వదిలేసింది. రెండు గడులనూ మళ్ళీ చూడండి. తేదీగా గుర్తించినది గడిలో కుడివైపుకు జరిగింది, అక్షరాలుగా మిగిలినది ఎడమవైపే ఉండిపోయింది. ఎడమవైపు ఉన్నదాన్ని కంటితో పట్టుకోవచ్చు. కుడివైపుకు జరిగి, సక్రమంగా కనిపిస్తూ, తప్పు నెలను చూపించేదే ప్రమాదం.

ఆ ప్రమాదం నా చేతి మీదుగా జరిగింది. దక్షిణ తెలంగాణలో ఒక ఊరి చెరువులో పూడిక తీసి, ఆ మట్టిని రైతుల పొలాలకు తోలే పనికి గ్రాంటు ఇచ్చాం. వానలు ఒక్కసారిగా కురిసి వెళ్ళిపోతున్న కాలంలో చెరువు లోతు ఎంత ముఖ్యమో మీకు తెలుసు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ కింద చెరువుల పునరుద్ధరణను పెద్ద ఎత్తున చేపట్టిందీ ఇందుకే. మా రెండో విడత ఏప్రిల్ 5న కదలాలి. నేను 05/04 అని రాశాను. ఫైలు నాకు మే 4న గుర్తు చేసింది. ఆ రోజు నుంచి సంతకాలకు, బ్యాంకుకు 18 రోజులు పట్టింది. డబ్బు చేరిన విషయం చెప్పడానికి ఆ సంస్థ కార్యదర్శి గారికి ఫోన్ చేస్తే, ఆయన నెమ్మదిగా, "మేడం, ట్రాక్టర్లు వెళ్ళిపోయాయండి, జేసీబీ కూడా వేరే ఊళ్ళో పనిలో ఉంది" అన్నారు. యంత్రాలు తిరిగి వచ్చి పని సగానికి చేరేలోపు, జూన్ రెండో వారంలో వాన పడింది. మిగిలిన పూడిక నీళ్ళ కింద ఉండిపోయింది. మట్టి కోసం పొలాల గట్లు తెరిచి పెట్టుకున్న రైతులు మరో ఏడాది ఆగారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి ఇలా చేయండి. తేదీల నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకోండి. ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్ళి, నెల పేరు అక్షరాల్లో కనిపించే రూపాన్ని ఎంచుకోండి. ఇప్పుడు 05/04 అని కొడితే, 04-మే అని వెంటనే కనిపిస్తుంది, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతాన్ని భారతదేశంగా మార్చడం కూడా మరవకండి. అయితే ఆ మార్పు మీ కంప్యూటర్‌కే పరిమితం, అదే ఫైలును అకౌంట్స్ వారు తమ కంప్యూటర్‌లో నింపితే మళ్ళీ మొదటికి వస్తుంది. నెల పేరు కనిపించే రూపం ఎక్కడికి వెళ్ళినా ఫైలుతోపాటే వెళ్తుంది. నేను రెండూ చేస్తాను.

రెండో సంగతి ఇంతకంటే పెద్దది. అసలు ఆ ఏప్రిల్ 5 అనే తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? చాలా కార్యాలయాల్లో విడత తేదీలను ఆర్థిక సంవత్సరాన్ని బట్టి వేస్తారు. మార్చి 31కి లెక్కలు ముగించాలి, ఏప్రిల్‌లో కొత్త విడత ఇవ్వాలి. ఆఫీసుకు ఇది సౌకర్యమే. చెరువుకు మాత్రం మార్చి 31తో సంబంధం లేదు, దాని గడువు మొదటి వాన. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే మన ప్రాంతానికి వస్తాయి. అందుకే నేను ఈ షీటులో మొదటి గడిగా పని మొదలు కావలసిన తేదీని పెట్టాను. విడత తేదీ దాని నుంచి వెనక్కి లెక్కించి వస్తుంది. మళ్ళీ చెబుతున్నాను, ముందు పని తేదీ, దాన్నుంచి వెనక్కి డబ్బు తేదీ.

ఒక ఉదాహరణ కడదాం. చెరువు పని ఏప్రిల్ 20న మొదలు కావాలి. యంత్రాలు మాట్లాడుకోవడానికి, డీజిల్‌కు బయానా ఇవ్వడానికి పది రోజులు కావాలని సంస్థవారు చెప్పారు. అంటే డబ్బు వారి ఖాతాలో ఏప్రిల్ 10కి ఉండాలి. మన కార్యాలయంలో సంతకాలకు, బ్యాంకుకు కలిపి 12 పనిరోజులు. ఇప్పుడు వర్క్‌డే ఇంటర్నేషనల్ (WORKDAY.INTL) అనే ఫార్ములా రాస్తున్నాను, స్క్రీన్ మీద పూర్తిగా కనిపిస్తోంది. మైనస్ 12 అని ఇస్తే వెనక్కి లెక్కిస్తుంది. తర్వాత ఉన్న 11 అంకెకు అర్థం, ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవు అని. మామూలు వర్క్‌డే ఫార్ములా శనివారాలన్నిటినీ సెలవుగా తీసేస్తుంది, మనకు అది కుదరదు. రెండో, నాలుగో శనివారాలనూ, ఉగాదినీ, శ్రీరామనవమినీ, బ్యాంకులు వార్షిక లెక్కల కోసం మూసి ఉంచే ఏప్రిల్ 1నీ పక్క షీటులో సెలవుల జాబితాగా రాసి, ఫార్ములాకు చూపించాను. ఎంటర్. తేదీ వెళ్ళి మార్చి నాలుగో వారంలో నిలిచింది.

మార్చి నాలుగో వారమంటే అకౌంట్స్ విభాగానికి ఊపిరి సలపని వారం. ఆ వారంలో వెళ్ళిన ఫైలు కిందికి జారిపోతుంది. కనుక నేను ఇంకా వెనక్కి జరిపి, ఫిబ్రవరి చివరికే ఆమోదపు ఫైలు పంపుతాను. సెలవుల జాబితాను ఏటా మార్చుకోవాలి, పండుగలు ఒకే తేదీన రావు కదా.

మిగిలిన వరుసలు త్వరగా చూద్దాం. ఇది అనంతపురం వైపు, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పని. విత్తనాలు వేసవిలోనే రైతుల చేతిలో ఉండాలి కాబట్టి డబ్బు అంతకంటే ముందే వెళ్ళాలి. ఇది బస్తీల్లో రేకుల ఇళ్ళ కప్పులకు వేడిని తిప్పికొట్టే తెల్ల పూత వేసే పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించాక ఇలాంటి ప్రతిపాదనలు మాకు వస్తున్నాయి. 2015 వేసవిలో వడగాడ్పులకు ఉమ్మడిగా మన రెండు రాష్ట్రాల్లోనే దేశంలో అత్యధిక మరణాలు నమోదయ్యాయి. మే నెలలో వేసిన పూత ఆ ఏడాది ఎండలో చాలా భాగం గడిచాక వేసినట్టే, అందుకని దీనికి పని తేదీ మార్చి 1. ఇది కాకినాడ దగ్గరి కోరింగ వైపు, తీరంలో మడ మొక్కలు పెంచే పని. దీనికి తేదీ నేను వేయలేదు, గడిని ఖాళీగా ఉంచాను. ఆటుపోట్లు, నీటిలో ఉప్పు ఎంత ఉందన్నది అక్కడ పనిచేసేవారికే తెలుసు, వారు చెప్పిన తేదీయే ఇక్కడికి వస్తుంది.

సీఎస్ఆర్ అని ఉన్న వరుసల్లో ఒక అదనపు గడి కనిపిస్తోంది, కొనసాగే ప్రాజెక్టా, అంటే ఒక ఆర్థిక సంవత్సరంతో ముగియనిదా, అవునా కాదా అని. మార్చి 31లోపు ఖర్చు చేసేయాలన్న ఒత్తిడి ఎక్కువగా ఈ సొమ్ము నుంచే వస్తుంది. కంపెనీ బోర్డు దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా ముందే ఆమోదించి ఉంటే, ఖర్చు కాని సొమ్మును ఏప్రిల్ 30లోపు అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఆ ఆమోదం లేకపోతే, ఎండాకాలంలో చేయవలసిన పనికి మార్చిలోనే బిల్లులు చూపించమని అడగవలసి వస్తుంది, అది ఎవరికీ మంచిది కాదు. కాబట్టి ఒప్పందం రాసేముందే కంపెనీవారిని ఈ ప్రశ్న అడిగి, వారి తీర్మానం ప్రతిని ఫోల్డర్‌లో పెట్టుకోండి.

చివరి షీటు నివేదికలది. రెండో విడతకు ముందు ఆడిటర్ సంతకం చేసిన యూసీ, అంటే నిధుల వినియోగ ధ్రువపత్రం, కావాలని కొన్నిచోట్ల పట్టుబడతారు. చిన్న సంస్థకు ఆడిటర్ దగ్గర సంతకం దొరకడానికే మూడు వారాలు పడుతుంది, అప్పటికి సీజను దాటిపోతుంది. నేను మా ఫైనాన్స్ వారితో మాట్లాడి, విడతకు ముందు కార్యదర్శి, అకౌంటెంట్ కలిసి సంతకం చేసిన ఖర్చుల పట్టిక, తేదీ, స్థలం నమోదైన ఫోటోలు చాలనీ, ఆడిట్ చేసిన యూసీ ఏడాది చివర ఇవ్వవచ్చనీ ఒప్పందంలోనే రాయించాను. ఆ వాక్యం స్క్రీన్ మీద పసుపు రంగులో ఉంది, మీ ఒప్పందానికి తగినట్టు మార్చుకోండి.

నివేదిక తెలుగులో రాయవచ్చని కూడా అందులోనే ఉంది. ఇది నేను కోరి పెట్టించుకున్న మాట. ఇంతకుముందు ఇంగ్లీషులో వచ్చిన నివేదికల్లో భూగర్భజలం మెరుగైంది అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం ఉండేది. అదే సంస్థ తెలుగులో రాసినప్పుడు, "కట్ట కింద మూడు బావుల్లో నీళ్ళు సంక్రాంతి దాటినా ఉన్నాయి, నాలుగోది ఎప్పటిలాగే దీపావళికి ఎండింది" అని రాసింది. నాలుగో బావి ఎందుకు ఎండిందో చూడటానికి మా ప్రోగ్రామ్ అధికారి మర్నాడే బయలుదేరారు. ట్రస్టీల కోసం ఇంగ్లీషు సారాంశం నేనే రాస్తాను, ఒక్కో నివేదికకు అరగంట పడుతుంది.

ఫైలు సేవ్ చేస్తున్నాను. దీన్నే గూగుల్ షీట్‌గా కూడా ఉంచి, విడతల షీటులో ఒక్కో సంస్థకు దాని వరుస మాత్రమే కనిపించేలా వేరే ఫైలు చేసి, చూసే అనుమతి ఇస్తాను. తమ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో వారు ఫోన్ చేయకుండానే తెలుసుకుంటారు. లింకు పంపిన రోజునే కార్యదర్శి గారికి ఫోన్ చేసి, ప్రతి తేదీనీ నెల పేరుతో సహా చదివి వినిపిస్తాను. వారు సరేనన్న తర్వాతే ఆ తేదీలు ఒప్పందంలోకి వెళ్తాయి.