ఆవకాయ 29లో, కారప్పొడి 30లో

అందరికీ నమస్కారం. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసి సొంత పేరుతో అమ్మేవాళ్లే ఇక్కడ ఎక్కువ కాబట్టి పేటెంట్ల జోలికి పోను. మీ సరుకు పేరును మీదిగా కాపాడే ట్రేడ్‌మార్క్ దగ్గరే ఉంటాను.

తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. అక్కడిదాకా వెళ్లక్కర్లేదు, ఆన్‌లైన్‌లో టీఎం-ఏ ఫారం నింపితే చాలు. ఆ ఆఫీసు మీకు మొదట ఇచ్చేది ఒక తేదీ. సర్టిఫికెట్ ఎప్పుడొచ్చినా హక్కు మాత్రం దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్క.

దరఖాస్తుకు ముందే ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. ఉచితమే. స్పెల్లింగ్‌తో పాటు ఉచ్చారణతోనూ వెతకాలి. న్యూమరాలజీ కోసం ఇంకో 'ఏ' తగిలించినంత మాత్రాన పేరు కొత్తదైపోదు, పలికితే అదే కదా! 'ఆంధ్ర ఆవకాయ' లాంటి పేరూ నిలవడం కష్టం. సరుకేదో, ఊరేదో చెప్పే మాటను ఒక్కరికే రాసివ్వరు.

ఎక్కువమంది తప్పు చేసేది క్లాసుల దగ్గర. సరుకులను, సేవలను రకాలవారీగా 45 క్లాసులుగా విడదీశారు. మీ వంటింట్లో పక్కపక్కనే ఉండే ఆవకాయ 29లోకి, కారప్పొడి 30లోకి వెళ్తాయి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. సంస్థ పేరున పెడుతూ, చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయకపోతే సగం ఫీజు సౌకర్యం పోయినట్టే. డబ్బు మిగులుతుందని 30 ఒక్కటే పెట్టి, అమ్మకాల్లో ముప్పాతిక ఆవకాయవే అయితే అసలు సరుకు బయటే ఉండిపోతుంది.

లేబుల్ మీద తెలుగు అక్షరాలుంటే ఆ పేరు ఎలా పలకాలో, అర్థమేమిటో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసివ్వాలి. ఎప్పటినుంచి వాడుతున్నారన్న గడిలో నోటికొచ్చిన సంవత్సరం వేయకండి. దానికి అఫిడవిట్, పాత బిల్లులు కావాలి. బిల్లుల్లేకపోతే 'ఇకపై వాడబోతున్నాం' అని పెట్టడమే మేలు.

తర్వాత ఎగ్జామినేషన్ రిపోర్టు వస్తుంది. జవాబుకు గడువు నెల రోజులు, ఫీజు లేదు. స్టేటస్‌లో 'అబ్జెక్టెడ్' అని చూసి చాలామంది దరఖాస్తు పోయిందనుకుంటారు. అది ఎగ్జామినర్ వేసిన ప్రశ్న, అంతే. నిజంగా పోయేది మెయిల్ తెరవకుండా ఆ నెల గడిపేసినప్పుడు. 'అపోజ్డ్' సంగతి వేరు: మీ పేరును ట్రేడ్‌మార్క్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల్లోపు బయటివాళ్లెవరో అభ్యంతరం పెట్టారన్నమాట. దాని ప్రతి అందిన రెండు నెలల్లో కౌంటర్ స్టేట్‌మెంట్, అంటే మీ జవాబు, వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. రిజిస్ట్రేషన్ అయితే పదేళ్లు, ఆపై రెన్యువల్. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా సీసా మీద 'టీఎం' వేసుకోవచ్చు, సున్నాలో 'ఆర్' మాత్రం కుదరదు.

ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) గురించి ఒక్క మాట. పోచంపల్లి ఇక్కత్‌కు, బందరు లడ్డూకు గుర్తింపు ఉంది. అది ఉందని ఆ ఊరివాళ్లందరూ దాని అధీకృత వినియోగదారులైపోరు. ఎవరికి వారు విడిగా నమోదు చేసుకోవాలి. ఒకప్పుడు 500 ఉన్న ఆ ఫీజును 2020లో 10 రూపాయలు చేశారు.

ఇక ఎగుమతి. ఇక్కడి రిజిస్ట్రేషన్ డాలస్‌లో చెల్లదు. సరుకు తెప్పించుకునే డీలరే మీ పేరును అక్కడ తన పేరున రాయించుకుంటే, రేపు డీలర్‌ను మార్చాలన్నా మీ చేతుల్లో ఉండదు. ట్రేడ్‌మార్కుల అంతర్జాతీయ ఒప్పందమైన మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో భారత్ 2013లో చేరింది కాబట్టి, ఇక్కడి దరఖాస్తునే ఆధారం చేసుకుని ఇదే ఆఫీసు ద్వారా చాలా దేశాలకు ఒకే దరఖాస్తు పంపొచ్చు. మన ఆఫీసు రుసుము 5,000 రూపాయలు, దానిపైన స్విస్ ఫ్రాంకుల్లో అంతర్జాతీయ ఫీజు. ఒక మెలిక ఉంది: మొదటి అయిదేళ్లలో ఇక్కడి మార్కు పడిపోతే బయటివీ దాంతోపాటే పడిపోతాయి. అందుకే ఇక్కడ గట్టి అభ్యంతరం ఉన్న పేరుతో అక్కడికి పరుగెత్తకండి.

ఎవరి ఫోన్‌లోనైనా ఎగ్జామినేషన్ రిపోర్టు ఉంటే తీయండి. ముందు దాని మీది తేదీ చదవండి.