28 రోజుల తర్వాత కాంక్రీటు

రోహిణి కార్తె ఎండలో కావలి దాకా వచ్చిన మేస్త్రీలకూ, సైటు ఇంజినీర్లకూ, ముందు వరసలో కూర్చున్న సివిల్ విద్యార్థులకూ నమస్కారం.

పదేళ్ల కిందట ఇస్కపల్లి వైపు, సముద్రానికి దగ్గర్లో కడుతున్న ఒక ఇంటికి నేను క్యూబులు, అంటే ఆ కాంక్రీటుతోనే పోసిన నమూనా దిమ్మలు, పరీక్షించాను. ఎం25 కాంక్రీటు, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్ బలం రావాల్సింది. 28 రోజులకు అన్నీ పాసు. ఇంక దిగుల్లేదని ఆ ఇంటాయనకు నేనే చెప్పాను. పోయినేడు వెళ్తే వరండా పిల్లర్లకు పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి కనిపించాయి. క్యూబు తప్పేమీ చెప్పలేదు. ఎంత బరువు మోస్తావని అడిగాం, చెప్పింది. ఉప్పును ఎన్నేళ్లు ఆపుతావని మేం అడగలేదు.

అప్పటినుంచి నా మనసంతా ఈ రెండో ప్రశ్న మీదే ఉంది.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. సిమెంటులో బొగ్గు బూడిద కలిపితే, ఆ బూడిదలోని సిలికా ఈ సున్నంతో కలిసి మళ్లీ జిగురవుతుంది, సన్నని రంధ్రాలు పూడతాయి. మన పెద్దలు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిందీ ఇందుకే. నేలటూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలి మిగిలే ఫ్లై యాష్ చేసే పనీ అదే. కాకపోతే నిదానంగా చేస్తుంది. ఏడో రోజు క్యూబు చూసి కంగారుపడేది అందుకే. 56, 90 రోజులకు అది అందుకుంటుంది, తడి ఉంటేనే.

బలాన్ని ముందే లెక్కగట్టాలన్న ప్రయత్నం పాతదే. నీళ్లకూ సిమెంటుకూ ఉన్న నిష్పత్తిని బట్టి బలం ఉంటుందని 1918లో డఫ్ అబ్రామ్స్ చెప్పాడు. బూడిద, ఇనుప కొలిమిలో మిగిలే స్లాగు వచ్చి చేరాక ఆ ఒక్క సూత్రం చాలలేదు. 1998లో తైవాన్ పరిశోధకుడు ఐ-చెంగ్ యే న్యూరల్ నెట్‌వర్క్‌తో అంటే పాత ఫలితాలు చూసి నేర్చుకునే కంప్యూటరు ప్రోగ్రాముతో, ఈ లెక్క చేశాడు. ఆయన అందరికీ ఇచ్చిన పట్టికలో 1,030 ఫలితాలున్నాయి. సిమెంటు, స్లాగు, ఫ్లై యాష్, నీళ్లు, సూపర్‌ప్లాస్టిసైజర్ (నీళ్లు తగ్గించినా కాంక్రీటు జారేలా చేసే మందు), కంకర, ఇసుక, వయసు: ఎనిమిది వివరాలిస్తే బలం వస్తుంది. పిల్లలూ, మీరు ప్రాజెక్టుల్లో వాడేది ఎక్కువగా ఈ పట్టికే. మంచిదే. కానీ అందులో లేనివి చూడండి. బూడిద ఎంత మెత్తనిదో లేదు, అందులో కాలని బొగ్గెంతో లేదు, ఎన్నాళ్లు నీళ్లు కొట్టారో లేదు. ఉప్పు ఊసే లేదు. ఆ పట్టికతో నేర్చిన ప్రోగ్రామును రామాయపట్నం ఒడ్డున పోసే పిల్లరు ఆయుష్షు ఎలా అడుగుతాం?

ఆయుష్షుకు వేరే లెక్కలున్నాయి. చువ్వలు తుప్పుపట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో అంచనా వేసే లైఫ్-365 పద్ధతిలో, వయసు పెరిగేకొద్దీ ఉప్పులోని క్లోరైడు లోపలికి చొరబడే వేగం తగ్గుతుంది. ఆ సూత్రంతో నేను వేసి చూశాను. ఉత్త సిమెంటు కాంక్రీటులో పదేళ్లకు ఆ వేగం 28వ రోజున ఉన్నదాంట్లో సుమారు 38 శాతానికి దిగుతుంది. 30 శాతం ఫ్లై యాష్ ఉంటే 12 శాతానికే దిగుతుంది. రెండు క్యూబులూ 28 రోజులకు ఒకే బలం చూపించినా సరే, ఇంత తేడా!

అయితే ఇది తడిగా ఉంచిన కాంక్రీటు సంగతి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడపాలి, బూడిద కలిసినదానికి కనీసం 10. ఈ ఎండల్లో మూడో రోజే గోనెపట్టాలు తీసేస్తే బూడిద ఉత్త పొడిగా మిగిలిపోతుంది. మేస్త్రీలకు మరో మాట. బస్తా మీద పిపిసి (పోర్ట్‌ల్యాండ్ పొజోలానా సిమెంటు) అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం బూడిద ముందే ఉంది, దానికి మళ్లీ కలపొద్దు. చెరువులో పోసిన తడి బూడిద అసలే వద్దు. బూడిద ఎక్కువైతే సున్నం తరిగిపోయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తొందరగా లోపలికి దిగుతుంది. అదీ తుప్పుకు దారే.

సముద్రపు గాలికి ఎం30కి తగ్గకూడదు, సిమెంటుకు నీళ్ల నిష్పత్తి 0.45 దాటకూడదు, చువ్వ మీద కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ ఇంటికి ఈ మూడూ లేవు.

నేను అడిగేది ఒక్కటే. క్యూబు రిజిస్టరులో బలం పక్కన ఇంకో నాలుగు గడులు గీయండి: బూడిద ఎక్కడిది, ఎన్ని రోజులు తడిపారు, ఆ వారం ఎండ ఎంత, సముద్రం ఎంత దూరం. వీలైతే 90వ రోజుకు మూడు క్యూబులు దాచండి. ఇలాంటి రిజిస్టర్లు కొన్ని వందలు చేరితే మన తీరానికి మన లెక్క వస్తుంది.

ఫిబ్రవరిలో పోసిన మూడు క్యూబులు పక్క ల్యాబులో నీళ్లలో ఉన్నాయి. ఇవాళ్టికి సరిగ్గా 90 రోజులు. పదండి, మిషను మీద పెడదాం.