మగవాళ్ల కిడ్నీ ఆడవాళ్లకి పడదా?

[అంబాజీపేట దగ్గర పంటబోదె గట్టు. పొద్దున్న వేళ.]

నమస్తే అండి. మా మేనత్తకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మావయ్య "నాది ఇస్తాను" అన్నారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు "మగాడి కిడ్నీ ఆడమనిషికి పడదటరా, ఫోన్‌లో చూశాను" అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది.

ఆ మాటలో కొంత నిజం ఉంది. మగవాళ్ల కణాల్లో వై క్రోమోజోమ్ ఉంటుంది. దానివల్ల తయారయ్యే కొన్ని ప్రోటీన్లు ఆడవాళ్ల ఒంట్లో ఉండవు. వాటిని హెచ్‌-వై యాంటిజెన్లు అంటారు. మగవాళ్ల కిడ్నీ పెట్టించుకున్న ఆడమనిషి ఒళ్లు వాటిని పరాయివిగా చూసి ఎదురుతిరగొచ్చు. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1,95,000 మందికి పైగా రోగుల లెక్కలు వచ్చాయి. మగ దాత కిడ్నీ పెట్టించుకున్న ఆడవాళ్లలో అది దెబ్బతినే అవకాశం కాస్త ఎక్కువని తేలింది. కాస్తే. ఆ కారణంగా కిడ్నీ వద్దనుకోమని ఎవరూ చెప్పలేదు.

[కెమెరా బోదె మీదికి.]

మరి ఆడవాళ్ల కిడ్నీ మగవాళ్లకి పెడితే? ఈ బోదె చూడండి. ఐదెకరాల కోసం తవ్విన దాంట్లో పదెకరాల నీళ్లు వదిలితే గట్టు కోసుకుపోతుంది. చిన్న ఒంటి కిడ్నీ పెద్ద ఒంటికి పెడితే దానిమీదా అలాగే భారం పడుతుంది. అందుకే డాక్టర్లు ఇద్దరి బరువూ పోల్చి చూస్తారు. ఇక్కడ లెక్కకొచ్చేది ఎక్కువగా సైజే.

టైప్ 1 షుగర్‌తో కిడ్నీలు పోయినవాళ్లకి ఒకే దాత నుంచి పాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి), కిడ్నీ రెండూ పెడతారు. 1966లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన ఆపరేషన్ ఇది. దాత దాదాపు ఎప్పుడూ బ్రెయిన్‌డెడ్ అయిన మనిషే. అక్కడ దాత వయసు, ఒంట్లో కొవ్వు గట్టిగా చూస్తారు. ఆడా మగా అన్నది ఆ తర్వాతి సంగతి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. భర్తకి భార్య, కొడుకుకి తల్లి ఇస్తున్నప్పుడు ఏ అరుగు మీదా ఈ ప్రశ్న రాదు. భార్యకి భర్త ఇస్తానంటేనే వస్తుంది. దయచేసి ఈ సైన్సును తప్పించుకోడానికి వాడకండి.

భార్యాభర్తల మధ్య అసలు చూడాల్సింది కాన్పులు. కడుపులో బిడ్డకి తండ్రి పోలికలు వస్తాయి కదా, వాటిమీద తల్లి రక్తంలో యాంటీబాడీలు పుట్టి ఏళ్లతరబడి ఉండిపోవచ్చు. అందుకే ఆమె సీరంలో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, భర్త తెల్లకణాలు కలిపి చూస్తారు. క్రాస్‌మ్యాచ్ అంటే అదే. పాజిటివ్ వస్తే, అంటే ఆమె యాంటీబాడీలు ఆ కణాలమీద ఎదురుతిరిగితే, ఇంకో జంటతో దాతల్ని మార్చుకోడానికి చట్టం ఒప్పుకుంటుంది.

[ఆసుపత్రి బల్ల, దానిమీద ఫైలు.]

"ఎన్ని కాన్పులమ్మా?" అని కోఆర్డినేటర్ అడిగింది. అత్త మూడు వేళ్లు చూపించింది. "నిలవనివి కూడా చెప్పాలి. రక్తం ఎక్కించుకుంటే అదీ చెప్పాలి" అందామె. అత్త ఒకసారి మావయ్య వైపు చూసి, నాలుగో వేలు తెరిచింది. మా ఇంట్లో ఎవరం ఎన్నడూ ఎత్తని మాట అది. కోఆర్డినేటర్ ఫైల్లో రాసుకుని, రక్తం తీయడానికి అత్త చెయ్యి పట్టుకుంది.