శనివారపు వీరులు, ఆదివారపు పరీక్ష

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టి, విసిరి ఆడే ఆట. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ పోటీలు ఎక్కువగా శనివారాల్లో జరుగుతాయి. వృత్తి క్రీడాకారులు ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ పోటీలకు ఆదివారం ప్రధానం. శనివారం లక్షమంది చేత జేజేలు కొట్టించుకున్న కుర్రవాడు ఆదివారం ఆటలో నిలబడతాడా? ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఆ దేశమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు ఇళ్లలోనూ, అక్కడే పుట్టి పెరిగిన పిల్లల నోట ఈ వాదన వినిపిస్తుంది. అందులో సింహభాగం క్వార్టర్‌బ్యాక్ గురించే.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరే ఆటగాడు. ఎదుటి జట్టు మోహరింపును చూసి ఆఖరి క్షణంలో వ్యూహం మార్చేదీ అతనే. బంతి చేతికి వచ్చాక దొరికేది సుమారు మూడు సెకన్లు. ఆలోగా పరుగెత్తుతున్న తనవాళ్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, మీదికి దూసుకొచ్చే భారీకాయుల నుంచి తప్పించుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. కాలేజీల నుంచి కొత్తవారిని అవి వంతులవారీగా తీసుకుంటాయి. ముందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు తొలి అవకాశం. ఏటా ఏప్రిల్‌లో జరిగే ఈ ఎంపికనే డ్రాఫ్ట్ అంటారు.

ఇద్దరు కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లను పక్కపక్కన నిలబెట్టి బేరీజు వేయడమంటే నాకు ఎప్పుడూ 1998 గుర్తుకు వస్తుంది. ఆ ఏడు టెనెసీ విశ్వవిద్యాలయం నుంచి పేటన్ మానింగ్, వాషింగ్టన్ స్టేట్ నుంచి రయన్ లీఫ్ వచ్చారు. ఇద్దరూ ఆరడుగుల ఐదంగుళాల వారే. మానింగ్ నాలుగేళ్లూ కాలేజీలోనే ఆడాడు, లీఫ్ ఒక ఏడు ముందే బయటికి వచ్చాడు. లీఫ్ చేతిలో బలం ఎక్కువని, అతను ఇంకా ఎదుగుతాడని గట్టిగా వాదించినవారు తక్కువేమీ కాదు. శాన్‌డియాగో జట్టయితే డ్రాఫ్ట్‌లో మూడో స్థానం నుంచి రెండో స్థానానికి జరగడానికే ఆరిజోనా జట్టుకు ఆటగాళ్లనూ, డ్రాఫ్ట్‌లో తనకున్న మరికొన్ని వంతులనూ ధారపోసింది. ఇద్దరిలో ఎవరు దక్కినా తమ పంట పండినట్లేనని వారు నమ్మారు.

ఇండియానాపొలిస్ జట్టు మానింగ్‌ను తీసుకుంది. లీఫ్ శాన్‌డియాగోకు వెళ్లాడు. ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. మొదటి ఏడు మానింగ్ ఆట ఘోరంగా ఉంది. అతను విసిరిన బంతులను ప్రత్యర్థులు 28 సార్లు చేజిక్కించుకున్నారు. కొత్త ఆటగాళ్లలో అంత చెడ్డ లెక్క ఇంకెవరికీ లేదు. జట్టు 16 ఆటల్లో 3 గెలిచింది. అయినా అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు. ప్రతి ఆటా ఆడించారు. వ్యూహాలు చూసే టామ్ మూర్ అనే కోచ్ ఆ ఏడాదే వచ్చి చాలా ఏళ్లు అతనితోనే ఉన్నాడు. మరుసటి ఏడు అదే జట్టు 13 ఆటలు గెలిచింది. తరువాత మానింగ్ ఐదుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, రెండు వేర్వేరు జట్లతో లీగ్ తుది పోరైన సూపర్ బౌల్ గెలిచాడు.

లీఫ్ విషయానికి వస్తే, కాన్సాస్ సిటీతో ఆడిన ఒక ఆటలో అతను 15 బంతులు విసిరితే ఒక్కటే తనవాళ్లకు చేరింది. ఆ మరునాడు ఒక విలేకరి మీద అరిచిన దృశ్యం దేశమంతా టీవీల్లో చూసింది. అప్పటికి అతని వయసు 22 ఏళ్లు. ఆరు ఆటలకే ప్రధాన కోచ్‌ను తొలగించారు. ఆ ఏడు లీఫ్ విసురులతో జట్టుకు పాయింట్లు తెచ్చిన టచ్‌డౌన్‌లు 2, ప్రత్యర్థుల చేతికి చిక్కిన బంతులు, అంటే ఇంటర్‌సెప్షన్లు 15. కొన్నేళ్లకే ఆటకు దూరమయ్యాడు. వ్యసనంలో పడి జైలుకు వెళ్లాడు, బయటపడ్డాడు, ఇప్పుడు అలాంటి కష్టంలో ఉన్నవారి కోసం పనిచేస్తున్నాడు. అతన్ని వెక్కిరించేవాళ్లంటే నాకు గిట్టదు. ఓటమిని మోయడం అతనికి అప్పటికి ఎవరూ నేర్పలేదు. ఆ నేర్పు ఉందో లేదో ఏ కొలతా పట్టించలేకపోయింది.

కొలతలకు మాత్రం కొదవ లేదు. ఏటా డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో పరీక్షలు పెట్టి ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు, 40 గజాల పరుగు అన్నీ చూస్తారు. కాలేజీలో బంతిని ముందుకు చేర్చిన గజాలూ, టచ్‌డౌన్‌లూ ఎలాగూ ఉంటాయి. చిక్కేమిటంటే ఆ అంకెలు వేరే ఆటలో పుట్టినవి. ప్రతి ఎత్తుగడకూ ముందు బంతిని ఉంచే గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులు. కాలేజీలో బంతి తరచు ఒక పక్కకు చేరడంతో రెండో పక్క విశాలమైన ఖాళీ మిగులుతుంది, దాన్ని వాడుకునే వ్యూహాలు అక్కడ బాగా చెల్లుతాయి. బంతి పట్టుకునేవాడు కాలేజీలో ఒక కాలు మైదానం అంచు గీత లోపల మోపితే చాలు, పై స్థాయిలో రెండూ మోపాలి. పైగా కాలేజీలో ఎదురు నిలిచిన రక్షకుల్లో అధికభాగం ఎన్నటికీ వృత్తి ఆటగాళ్లు కాలేరు. రంజీలో శతకాల మీద శతకాలు కొట్టిన బ్యాటర్ టెస్టుల్లో తడబడటం మనం చూసిందే కదా.

అందుకే 2018లో జాష్ రోజెన్, జాష్ ఆలెన్‌ల పోలికలో ఎంతోమంది బోల్తాపడ్డారు. లాస్ ఏంజెలస్‌లోని ప్రసిద్ధ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రోజెన్ విసురు చూడముచ్చటగా ఉండేది. ఆలెన్ వయోమింగ్ నుంచి వచ్చాడు. హైస్కూల్ తరువాత పెద్ద కాలేజీలేవీ అతన్ని పిలవలేదు. అతను విసిరిన బంతుల్లో గురి చేరినవి నూటికి 56 మాత్రమే. అంత తక్కువైతే పై స్థాయిలో కుదరదని లెక్కల పండితులు తేల్చేశారు. ఆలెన్‌ను బఫెలో 7వ స్థానంలో, రోజెన్‌ను ఆరిజోనా 10వ స్థానంలో తీసుకున్నాయి. ఆరిజోనా ఏడాదికే కోచ్‌ను పంపించి, మరో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుని రోజెన్‌ను వదిలించుకుంది. బఫెలో ఓపిక పట్టింది. ఒకే వ్యూహకర్తను నాలుగేళ్లు ఉంచింది, 2020లో స్టెఫాన్ డిగ్స్ అనే మేటి రిసీవర్‌ను, అంటే బంతి అందుకునే ఆటగాణ్ణి తెచ్చింది. ఆ ఏడు ఆలెన్ గురి నూటికి 69 దాటింది. 2024లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు అతనే. ఆ ఇద్దరూ జట్లు మారి ఉంటే ఏమయ్యేదో అని నేను తరచు ఆలోచిస్తుంటాను.

ఇక్కడ కొందరు టామ్ బ్రేడీ పేరెత్తుతారు. 2000లో 199వ స్థానం దాకా ఎవరూ ముట్టని మనిషి ఏడు సూపర్ బౌల్‌లు గెలిచిన మాట నిజమే. కానీ ఒక్కరికి జరిగిన అద్భుతాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఎవరినీ తూచలేం.

నా మటుకు నేను చూసేవి వేరు. మొదట అనుభవం. 2017లో షికాగో రెండో స్థానంలో తీసుకుని నిరాశపడ్డ మిచెల్ ట్రుబిస్కీ కాలేజీలో మొదటి నుంచి బరిలోకి దిగింది 13 ఆటల్లోనే. తరువాత లీగ్‌లో మేటి అయిన పాట్రిక్ మహోమ్స్ అదే డ్రాఫ్ట్‌లో 10వ స్థానం దాకా మిగిలాడు. పైగా అతనికి ఒక ఏడాది అలెక్స్ స్మిత్ అనే అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ వెనుక కూర్చుని నేర్చుకునే అదృష్టం దక్కింది. ఇక రెండోది, దీన్నే ఎక్కువ నమ్ముతాను, మొదట అనుకున్న రిసీవర్‌కు దారి మూసుకుపోయాక కుర్రవాడు ఏం చేస్తాడన్నది. జట్టు గెలుస్తున్నప్పుడు కాదు, వెనుకబడి ఉన్నప్పుడు చూడాలి.

2022 చివరి రోజున ఒహాయో స్టేట్ ఆటగాడు సి.జె. స్ట్రౌడ్ జార్జియాతో ఆడిన ఆట అలాంటిది. నిలబడ్డచోటి నుంచి కదలడని అప్పటిదాకా అతని మీద ఫిర్యాదు. ఆ రాత్రి దేశంలోకెల్లా గట్టి జట్లలో ఒకటి మీద పడుతుంటే తప్పించుకుంటూ, పరుగెత్తుతూ నాలుగు టచ్‌డౌన్‌లు విసిరాడు. 42–41 తేడాతో ఓడిపోయినా నా దృష్టిలో ఆ ఏడాది కాలేజీ ఆటల్లో అంతకంటే విలువైన ప్రదర్శన లేదు. అయినా 2023లో కారొలైనా జట్టు అలబామా ఆటగాడు బ్రైస్ యంగ్‌నే మొదట తీసుకుంది. స్ట్రౌడ్ హ్యూస్టన్‌కు వెళ్లి తొలి ఏడే 23 టచ్‌డౌన్‌లు, 5 ఇంటర్‌సెప్షన్లతో జట్టును ప్లేఆఫ్‌లకు చేర్చాడు. యంగ్ జట్టు రెండే ఆటలు గెలిచింది, మధ్యలో కోచ్ మారాడు. 2024లో రెండు ఆటలు కాగానే యంగ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. కొన్ని వారాలకు తిరిగి వచ్చినప్పుడు మాత్రం, అప్పటిదాకా చూపని ధైర్యంతో దూరాలకు విసిరాడు. అందుకే వారిద్దరి పోలికను నేను ఇంకా ముగించలేదు.

నమస్కారం.