సైలెంట్ హోమ్ థియేటర్ పీసీకి ఏ మదర్‌బోర్డు? ముందు మీ టీవీ వెనకాల చూడండి

అందరికీ నమస్తే. టేబుల్ మీద మూడు చిన్న బోర్డులున్నాయి చూడండి, మూడూ మినీ ఐటీఎక్స్, అంటే 170కి 170 మిల్లీమీటర్లు. వయా కంపెనీ 2001లో తెచ్చిన సైజు ఇది, చిన్న పీసీ కట్టాలంటే ఇప్పటికీ ఇదే దిక్కు. మనకి కావాల్సిందేంటంటే హాల్లో టీవీ కింద పెట్టుకునే పీసీ, సినిమాలో ఎవరూ మాట్లాడని సీన్ వచ్చినప్పుడు ఫ్యాన్ గొంతు మనకి వినపడకూడదు, అంతే. గేమింగ్ గురించి ఈ వీడియోలో మాట్లాడను.

ఇలాంటి పీసీ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఏ ప్రాసెసర్ అన్నా అని. నేనైతే ముందు టీవీ వెనకాలకి వెళ్ళి చూడమంటాను. టీవీ 4కేనా, ఏ పోర్టు 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మలు, తీసుకుంటుంది, సౌండ్‌బార్ ఈఆర్క్‌లో, అంటే టీవీ సౌండ్‌ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టులో ఉందా, లేకపోతే స్పీకర్లన్నీ కలిపే ఏవీ రిసీవర్ ఉందా, అవి చూస్కుని అక్కణ్ణించి కేబుల్ పట్టుకుని బోర్డు దాకా రండి. ఎందుకంటే ఈ పీసీ చేసే పనంతా ఆ ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టులోంచే బయటికెళ్తుంది, ఆ పోర్టు సరిగ్గా లేకపోతే లోపల ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా వేస్టే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, కొంచెం టైం తీసుకుని చెప్తాను. ఇంటెల్ 8, 9, 10 జెనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ సొంతంగా ఇచ్చేది హెచ్‌డీఎంఐ 1.4 వరకే. అంటే 4కేలో 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. 60 కావాలంటే బోర్డు తయారుచేసేవాళ్ళు ఇంకో చిన్న చిప్ పెట్టాలి, అది డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐ 2.0గా మార్చి పంపిస్తుంది. డబ్బులు మిగుల్చుకోవాలనుకున్న బోర్డుల్లో ఆ చిప్ ఉండదు. సో అదే ఐ3 ప్రాసెసర్, ఒక బోర్డులో 60 వస్తుంది, ఇంకో బోర్డులో మౌస్ కదిపినా జెర్కుగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది కదా అని పాత జెనరేషన్ తీసుకునేవాళ్ళు ప్రాసెసర్ పేరు చూసి కొనెయ్యకండి, బోర్డు మోడల్ నంబర్‌తో కంపెనీ స్పెసిఫికేషన్ పేజీ తెరిచి హెచ్‌డీఎంఐ లైనులో ఎన్ని హెర్ట్జ్ అని రాశారో చదవండి. 11వ జెనరేషన్ నుంచి ప్రాసెసరే 2.0 ఇస్తుంది కాబట్టి ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది, అయినా ఆ లైను చదవడం మాత్రం మానకండి.

ఇంకోటి, సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు, కరెక్ట్‌గా చెప్పాలంటే డిస్కుల్లో ఎక్కువగా 23.976. 60 హెర్ట్జ్‌లో ఉంచేసి చూస్తే ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపిస్తూ పోతుంది, హీరో ఎంట్రీలో కెమెరా మెల్లగా పక్కకి జరుగుతుంటే ఆ తడబాటు స్పష్టంగా కనపడుతుంది. కోడీ అని సినిమాలు ప్లే చేసే యాప్ ఉంది కదా, అందులో రిఫ్రెష్ రేట్, అంటే ఆ హెర్ట్జ్ లెక్క, వీడియోకి తగ్గట్టు మార్చే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసుకోండి. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, అంటే 2వ జెనరేషన్ కాలం బోర్డులు కొంతమంది ఇంకా వాడుతున్నారు, వాటిలో 23.976 అడిగితే 24 ఇచ్చేది, దాంతో సుమారు 40 సెకన్లకి ఒకసారి ఒక ఫ్రేమ్ తేడా వచ్చి బొమ్మ ఎగిరినట్టు అనిపించేది. అంత పాతది ఉచితంగా వచ్చినా ఈ పనికి వద్దు.

సరే, సైలెన్స్ గురించి. ఫ్యాన్ ఎందుకు అరుస్తుంది? వీడియో డీకోడింగ్, అంటే కుదించిన ఫైల్‌ని విప్పి బొమ్మగా మార్చే పని, గ్రాఫిక్స్‌లో జరగకుండా ప్రాసెసర్ మీద పడినప్పుడు. యూట్యూబ్ ఇప్పుడు ఏవీ1 అనే వీడియో ఫార్మాట్ చాలా వాడుతోంది, హార్డ్‌వేర్ డీకోడ్ లేకపోతే 4కే వీడియోకి కోర్లన్నీ పనిలోకి దిగుతాయి, వేడెక్కుతుంది, ఫ్యాన్ స్పీడ్ పెరుగుతుంది. ఏఎండీ రైజెన్ 5600జీ మంచి చిప్పే, నాకూ ఇష్టమే, కానీ అందులో ఏవీ1 డీకోడ్ లేదు, అందుకే కొత్తగా టీవీ కోసం కడుతుంటే నేను సజెస్ట్ చెయ్యను. ఏఎండీనే కావాలంటే 8000జీ సిరీస్ చూడండి, వాటిలో ఉంది.

ఇప్పుడు మొదటి బోర్డు, ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్. నాకు బాగా నచ్చింది ఇదే. ఇంటెల్ ఎన్100 బోర్డు మీదే సోల్డర్ అయి వస్తుంది, 2023లో వచ్చిన చిప్, నాలుగు చిన్న కోర్లు, టీడీపీ, అంటే చిప్ వేడి లెక్క, 6 వాట్లు, హెచ్‌ఈవీసీ 10 బిట్, వీపీ9, ఏవీ1 వీడియో ఫార్మాట్లన్నీ హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. పైన ఫ్యాన్ లేదు, హీట్‌సింక్ మాత్రమే. వెనకాల గుండ్రటి జాక్ కనపడుతోందా, ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి 19 వోల్టుల అడాప్టర్ పెడితే చాలు. అందుకే నచ్చింది. జనం సీపీయూ ఫ్యాన్ గురించే ఆలోచిస్తారు గానీ చిన్న డబ్బాలో పవర్ సప్లైలో ఉండే బుల్లి ఫ్యాన్ కూడా బాగానే వినపడుతుంది, ఇక్కడ ఆ పవర్ సప్లైనే బాక్సులో ఉండదు. ర్యామ్ ఒక్కటే స్లాటు, మామూలు డెస్క్‌టాప్ డీడీఆర్4 పడుతుంది. హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు రెండు, డ్రైవ్‌కి పవర్ కూడా బోర్డు నుంచే వస్తుంది. కొనేటప్పుడు అడాప్టర్ విడిగా కొనాలా అని షాపులో అడగండి, వోల్టేజీతో పాటు జాక్ సైజు కూడా సరిపోవాలి.

రెండోది ఆసుస్ ప్రైమ్ ఎన్100ఐ-డీ డీ4. అదే ఎన్100, ఇదీ ఫ్యాన్ లేనిదే, కానీ దీనికి ల్యాప్‌టాప్ ర్యామ్ కావాలి, పవర్‌కి మామూలు పీసీ పవర్ సప్లై 24 పిన్ వైరు, సాటా ఒక్కటే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ డీడీఆర్4 ర్యామ్, మంచి సైలెంట్ పవర్ సప్లై ఉన్నవాళ్ళకి ఓకే. లేకపోతే ఏఎస్‌రాక్ వైపే నా ఓటు.

మూడోది హెచ్610 చిప్‌సెట్ ఉన్న ఐటీఎక్స్ బోర్డు, మీద ఇంటెల్ 12వ జెనరేషన్ ఐ3-12100. ఇది టీవీ పీసీగానూ ఉండాలి, పిల్లలు చదువుకోడానికి, ఎప్పుడైనా ఫోటోలు వీడియోలు ఎడిట్ చేసుకోడానికీ పనికిరావాలి అనుకునేవాళ్ళకి. 60 వాట్ల చిప్ కాబట్టి కూలర్ కావాలి, నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ లాంటివి 37 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి, 12వ జెనరేషన్ సాకెట్‌కి సరిపోయే వెర్షన్ అడిగి తీసుకోండి. ఇలాంటి బోర్డులో నేను ముందు చూసేది ఫ్యాన్ హెడర్లు, అంటే ఫ్యాన్ వైరు గుచ్చే చోట్లు, నాలుగు పిన్నులు ఉన్నవి కనీసం రెండు ఉండాలి, బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల మెనూలో, ఎంత వేడికి ఎంత స్పీడ్ అనే ఫ్యాన్ కర్వ్ మనమే గీసుకునేలా ఉండాలి. 60 డిగ్రీల దాకా ఫ్యాన్ ఒకే తక్కువ స్పీడ్‌లో ఉండేలా పెట్టండి, స్పీడ్ ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉంటే అదే చెవికి ఎక్కువ చిరాకు.

ఫ్యాన్ లేని బోర్డు అంటున్నాను గానీ మన ఎండాకాలం మర్చిపోవద్దు. విజయవాడ, ఖమ్మం, రామగుండం వైపు మే నెలలో బయట 45 దాకా వెళ్తుంది, టీవీ యూనిట్‌లో తలుపేసిన అరలో పెడితే ఆ హీట్‌సింక్‌కి గాలెక్కడిది? వెనకాల తెరిచి ఉన్న అరలో పెట్టండి, లేదా ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 500, 600 ఆర్పీఎంలో తిరగనివ్వండి, రెండు మూడు అడుగుల దూరంలో కూడా వినపడదు.

సౌండ్ విషయం. ఆప్టికల్ పోర్టు ఉంది కదా అని బోర్డుకి ఎక్కువ పెట్టొద్దు, ఆ వైరులో బ్లూరేల్లో ఉండే హై క్వాలిటీ సౌండ్ ఫార్మాట్లు, డాల్బీ ట్రూహెచ్‌డీ గానీ డీటీఎస్ హెచ్‌డీ గానీ వెళ్ళవు, మామూలు 5.1తో ఆగిపోతుంది. పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ అట్మాస్ కావాలంటే హెచ్‌డీఎంఐలోనే, కోడీలో పాస్‌త్రూ, అంటే సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపే సెట్టింగ్, ఆన్ చేసి. రిసీవర్ ఉంటే పీసీని నేరుగా రిసీవర్‌కి పెట్టండి, ఎందుకంటే కొన్ని టీవీలు డీటీఎస్‌ని సౌండ్‌బార్‌కి పంపవు.

నెట్‌వర్క్ పోర్టు గిగాబిట్ చాలు. 4కే బ్లూరే ఫైల్ పీక్‌లో 128 ఎంబీపీఎస్ దాకా వెళ్ళగలదు, చాలా టీవీల్లో ఉండే ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, అందుకే టీవీలో ఆగి ఆగి వచ్చే ఫైల్ పీసీలో హాయిగా ఆడుతుంది.

మీరు చూసేదంతా నెట్‌ఫ్లిక్స్, ప్రైమేనా? అయితే ఈ పీసీ కట్టకండి, స్టిక్కో బాక్సో కొనుక్కోండి. లైనక్స్‌లో వాటి క్వాలిటీ తక్కువకి లాక్ అయి ఉంటుంది, డాల్బీ విజన్ అనే రంగుల ఫార్మాట్ కూడా పీసీలో సాఫీగా రాదు. సొంత ఫైళ్ళు, హార్డ్ డిస్కులు, ఫ్యామిలీ వీడియోలు ఉన్నవాళ్ళకే ఇది. ఒరిజినల్ 4కే బ్లూరే డిస్క్ డ్రైవ్‌లో పెట్టి చూడాలనుకుంటే మళ్ళీ పాత ఇంటెల్ కావాలి, 7 నుంచి 10వ జెనరేషన్, ఎందుకంటే ఆ డిస్క్ ఆడించే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌జీఎక్స్ అనే ఇంటెల్ సెక్యూరిటీ ఫీచర్ కావాలి, 11 నుంచి ఇంటెల్ దాన్ని డెస్క్‌టాప్ చిప్పుల్లో తీసేసింది. అప్పుడు పైన చెప్పిన హెచ్‌డీఎంఐ చిప్ ఉన్న బోర్డే వెతుక్కోవాలి, బయోస్‌లో ఎస్‌జీఎక్స్ ఆప్షన్ కూడా ఉండాలి.

బయోస్‌లో రెండు సెట్టింగులు చేసెయ్యండి. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తానే ఆన్ అయ్యేది ఒకటి, ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది. రెండోది ఈఆర్‌పీ అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఆఫ్, అది ఆన్‌లో ఉంటే పీసీ ఆపేశాక యూఎస్‌బీకి కరెంటు రాదు, రిమోట్ రిసీవర్‌తో పీసీ లేవదు. టీవీ రిమోట్‌తోనే నడపాలంటే సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ వైరులోంచే రిమోట్ నొక్కులు పంపే ఫీచర్, కావాలి, మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో అది దాదాపు ఉండదు, విడిగా యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే ఐటీఎక్స్ వెంటనే చేతిలో పెట్టే షాపులు తక్కువ, ఆర్డర్ పెడతామంటారు, లేదా కొంచెం పెద్ద సైజు బోర్డు, మైక్రో ఏటీఎక్స్ తీసుకోండి సార్ చవక అంటారు. జాగా ఉంటే మైక్రో ఏటీఎక్స్ తప్పేం కాదు, డబ్బు మిగులుతుంది, ఫ్యాన్ చప్పుడు కూడా ఒకటే. పాత బోర్డయితే మాత్రం షాపులోనే 4కే స్క్రీన్‌కి పెట్టించి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 కనపడ్డాకే డబ్బులివ్వండి.

మీ టీవీ మోడల్, సౌండ్‌బార్ మోడల్ కింద రాయండి, ఏ పోర్టుకి పెట్టాలో, ఏ బోర్డు సరిపోతుందో చూసి చెప్తాను.