గ్రామీ నామినేషన్‌కి విలువుందా? రాక్ అభిమానుల గొడవలో ఎవరూ ఎత్తని పాయింట్

[తెర మీద: నల్లటి బ్యాక్‌గ్రౌండ్. ఐదు పేర్లు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి]

ఏసీ/డీసీ. ఇగ్గీ పాప్. జేన్స్ అడిక్షన్. మెటాలికా. జెత్రో టల్.

అమెరికా సంగీత అవార్డులైన గ్రామీలకి విలువుందా లేదా అని రాక్ అభిమానులు ఎప్పుడూ గొడవపడుతుంటారు. రాక్‌లో గట్టిగా మోగే రకాలైన హార్డ్ రాక్‌కీ మెటల్‌కీ కలిపి గ్రామీ వాళ్లు మొట్టమొదటిసారి అవార్డు ఇచ్చింది 1989లో. బరిలో ఉన్నది ఈ ఐదుగురు. ఫలితం తెలిసినవాళ్లు ఈపాటికే ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారు.

ఫిబ్రవరి 22, లాస్ ఏంజెలెస్, ష్రైన్ ఆడిటోరియం. ఆ రాత్రి మెటాలికా అదే స్టేజీ మీద తన ‘వన్’ పాట వాయించింది. అవార్డు ఎవరిదో ఇక వేరే చెప్పక్కర్లేదనుకున్నారు జనం. రాక్ గాయకులు ఆలిస్ కూపర్, లీటా ఫోర్డ్ వచ్చి కవర్ విప్పారు. చదివిన పేరు: జెత్రో టల్.

అవును, ఫ్లూట్ వాయించే ఇయాన్ ఆండర్సన్ బ్యాండే, మెటల్ బ్యాండని అభిమానులెవరూ అనుకోనిదే. హాల్లో గోల మొదలైంది. అవార్డు తీసుకోడానికి బ్యాండ్ నుంచి ఒక్కరూ లేరు. “ఎలాగూ మీకు రాదు, అంత దూరం ఎందుకు” అని వాళ్ల రికార్డ్ కంపెనీయే ఆపేసింది మరి! గెలిచాక అదే కంపెనీ బిల్‌బోర్డ్ పత్రికలో యాడ్ వేయించింది: ఇనప చువ్వల కుప్పలో ఒక ఫ్లూట్, ఫ్లూట్ కూడా లోహమేగా అన్నట్టు కింద ఒక లైను. మెటాలికా వాళ్లేమో తమ ఆల్బమ్ మీద ‘గ్రామీ అవార్డ్ లూజర్స్’ అని స్టిక్కర్ అంటించి అమ్ముకున్నారు. 1992లో అవార్డు అందుకుంటూ, ఈ ఏడాది ఆల్బమ్ తేనందుకు జెత్రో టల్‌కి థాంక్స్ అన్నాడు వాళ్ల డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్. (నిజానికి తెచ్చారు, పాపం. 1991లోనే.)

[తెర మీద: ఐదు పేర్లు మళ్లీ, ఈసారి ఆల్బమ్ కవర్లతో]

అందరూ ఫలితాన్నే తిడతారు. నేను మాత్రం నామినేషన్ల జాబితా దగ్గర ఆగుతాను. మొదటి స్టూడియో ఆల్బమ్‌తో వచ్చిన జేన్స్ అడిక్షన్‌కి అందులో చోటు దొరికింది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అదే 1988లో ఐరన్ మెయిడెన్ ‘సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్’ వచ్చింది. స్లేయర్ ‘సౌత్ ఆఫ్ హెవెన్’ వచ్చింది. రెండూ అసలు సిసలు మెటల్ ఆల్బమ్‌లే, అయినా జాబితాలో లేవు. తప్పు జరిగితే అది కవర్ విప్పేటప్పటికంటే చాలా ముందే జరిగిపోయింది.

[తెర మీద: బాణం గుర్తులతో సింపుల్ గ్రాఫిక్]

మరి ఈ నామినేషన్ ఎలా వస్తుంది? చాలామంది అనుకుంటున్నట్టు ఎంత అమ్ముడైంది, ఎంతమంది విన్నారు అనే లెక్కతో సంబంధం లేదు. రికార్డ్ కంపెనీయో, గ్రామీలు ఇచ్చే సంస్థ రికార్డింగ్ అకాడమీ మెంబరో ముందు ఎంట్రీ పంపాలి. ఎంట్రీ పంపకపోతే ఎంత గొప్ప ఆల్బమైనా లేనట్టే లెక్క. వచ్చినవాటిని ఏ విభాగంలో పెట్టాలో కమిటీలు చూస్తాయి. తర్వాత ఓటింగ్ ఉన్న మెంబర్లు, అంటే పాడేవాళ్లు, వాయించేవాళ్లు, ప్రొడ్యూసర్లు, ఇంజనీర్లు, మొదటి రౌండ్‌లో ఓట్లేస్తారు. అలా తేలిన పేర్లే నామినేషన్లు. వాటి మీద మళ్లీ ఓటేస్తే విజేత.

ఇందులో కిటుకు ఒక్కటే. “ఈ ఆల్బమ్ మొత్తం విన్నావా?” అని ఓటరుని నిలదీసేవాడు ఎవడూ ఉండడు. అందుకే ఇప్పుడు జానర్ (సంగీత రకం) విభాగాల్లో ఒక్కొక్కరు పదింటికి మించి ఓటెయ్యకూడదని, అవీ మూడు ఫీల్డుల్లోపే, అంటే మూడు విభాగాల గుంపుల్లోపే ఉండాలని రూలు పెట్టారు. అయినా వినని ఐదు పేర్లు ముందుంటే చెయ్యి తెలిసిన పేరు మీదికే పోతుంది. 1989లో జెత్రో టల్ అంటే ఇరవై ఏళ్లుగా అందరికీ తెలిసిన పేరు.

[తెర మీద: ఏళ్లు మాత్రమే: 1970 – 2000, 1980 – 2011]

పేరు పాతబడితే గానీ అవార్డు రాదనడానికి ఇవిగో. ‘ఐరన్ మ్యాన్’ని బ్లాక్ సాబత్ 1970లో రికార్డ్ చేసింది. వాళ్లకి మొదటి గ్రామీ 2000లో వచ్చింది, ఆ పాటే లైవ్‌లో వాయించినందుకు. మొదటి ఆల్బమ్ 1980లో వేసిన ఐరన్ మెయిడెన్‌కి 2011 దాకా దిక్కులేదు. మోటర్‌హెడ్ కథ ఇంకా ఘోరం. 2005లో గెలిచింది, అదీ మెటాలికా పాటని మళ్లీ వాయించినందుకు!

ఇవన్నీ చూసి “అసలు మాకెందుకీ గ్రామీలు” అనే వర్గం ఒకటుంది. 1996లో పెర్ల్ జామ్ బ్యాండ్ గెలిచినప్పుడు దాని గాయకుడు ఎడ్డీ వెడ్డర్ స్టేజీ మీదే, దీనికి అర్థమేమీ లేదనుకుంటా అనేశాడు. వీళ్లంటే నాకు గౌరవమే. కానీ గమనించండి, ఏటా జాబితా రాగానే ముందుగా చదివేదీ, తమ బ్యాండ్ లేదని పళ్లు నూరేదీ కూడా వీళ్లే.

గెలిచినా వెక్కిరింత తప్పదనడానికి ఇంకోటి. మెటల్ బ్యాండ్ మెగాడెత్ 2017లో ‘డిస్టోపియా’కి గెలిచింది. అప్పటికి పన్నెండో నామినేషన్. మెటల్ అవార్డుని టీవీలో వచ్చే మెయిన్ షోలో ఇవ్వరు, ముందు జరిగే ప్రీమియర్ సెరిమనీలో ఇస్తారు. మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ స్టేజీ వైపు నడుస్తుంటే అక్కడి బ్యాండ్ వాయించిన పాటేంటో తెలుసా? ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’. 1983లో అతన్ని బయటికి గెంటిన మెటాలికా పాట. మస్టేన్ దాన్ని కూడా సరదాగా తీసుకుని, చేతిలో లేని గిటార్ వాయిస్తూ వెళ్లాడు.

[తెర మీద: పాస్‌పోర్ట్, దాని మీద స్టాంప్]

ఇక ఎవరూ ఎత్తని పాయింట్. వీసా కష్టాలు తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా! అమెరికాలో షోలు చెయ్యాలనుకునే విదేశీ కళాకారులకి ఓ-1 వీసా ఉంటుంది. అసాధారణ ప్రతిభ ఉందని రుజువు చూపించాలి. ఏవి రుజువుగా పనికొస్తాయో అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో రాసి ఉంది. ఆస్కార్, ఎమ్మీలతో పాటు గ్రామీ పేరు అక్కడ అచ్చులో కనిపిస్తుంది. అవార్డు గెలిచినా సరే, నామినేట్ అయినా సరే. బ్యాండ్లు వాడే పీ-1 వీసాలోనూ అంతర్జాతీయ అవార్డుకి నామినేషన్ రుజువు కిందే లెక్క.

అమెరికా బ్యాండే అయిన మెటాలికాకి ఇది అక్కరకు రాదు. ఫ్రాన్స్ నుంచో బ్రెజిల్ నుంచో వచ్చి అమెరికాలో టూర్ వెయ్యాలనుకునే కుర్రాళ్లకి మాత్రం వీసా పిటిషన్‌కి జత చేసే ఆ ఒక్క నామినేషన్ కాగితం బంగారం. దాన్ని చూసే ఆఫీసరుకి వాళ్ల పాట నచ్చాల్సిన పని కూడా లేదు.