నికోమీడియాలో నిప్పంటుకున్నప్పుడు

సభకు నమస్కారం.

రోమన్ చక్రవర్తులు అన్ని జాతులు, అన్ని భాషలు ఉన్న సామ్రాజ్యంలో శాంతిని ఎలా నిలబెట్టారో చెప్పమన్నారు. దీనికి మామూలుగా వినిపించే జవాబు సైన్యం, రోడ్లు. కాదనను. రోడ్లు, రేవులు నడుస్తుండబట్టే ఆగస్టస్, టైబీరియస్ తలలున్న వెండి నాణేలు మన నల్లగొండ జిల్లా దాకా వచ్చి, మట్టిలో దొరికాయి. కానీ ఆ జవాబుతో నాకు తృప్తి లేదు. ఎందుకో చెప్పాలంటే ఒక అగ్నిప్రమాదంతో మొదలుపెట్టాలి.

క్రీ.శ. 110 దాటిన కొత్తలో నికోమీడియా నగరం తగలబడింది. ఇప్పటి టర్కీలోని ఇజ్మిత్ అది. చాలా ఇళ్లతో పాటు ఈజిప్టు దేవత ఐసిస్ దేవాలయం కూడా కాలిపోయింది. ఆ రాష్ట్రానికి గవర్నర్ ప్లినీ. ఆయన చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు: జనం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు, ఊళ్లో నీళ్లు చిమ్మే పంపు లేదు, ఒక్క బకెట్ కూడా లేదు. మంటలార్పడానికి 150 మంది పనివాళ్లతో ఒక దళం పెట్టుకోనిస్తారా? వేరేవాళ్లను చేర్చుకోకుండా నేను చూసుకుంటాను, అంత తక్కువ మంది మీద కన్నేసి ఉంచడం కష్టమేమీ కాదు.

ట్రాజన్ వద్దన్నాడు. ఆ రాష్ట్రాన్ని కలవరపెట్టింది ఇలాంటి సంఘాలేనని గుర్తుచేశాడు. మనం ఏ పేరు పెట్టినా, ఏ పని కోసమని కూడగట్టినా, అలా కలిసినవాళ్లు కొన్నాళ్లకి రాజకీయ ముఠాగా మారతారన్నాడు. సామాన్లు కొని ఉంచు, ఎవరి ఇల్లు అంటుకుంటే వాళ్లనే ఆర్పుకోమను, అవసరమైతే చుట్టూ చేరిన జనాన్ని వాడుకో అని రాశాడు.

డేసియాను, అంటే ఇప్పటి రొమేనియా ప్రాంతాన్ని జయించినవాడు, రోమన్లు తమ చక్రవర్తుల్లో ఉత్తముడని పిలుచుకున్నవాడు, 150 మంది ఫైర్‌మన్లకు జంకాడు!

దీని గుట్టు లెక్కల్లో ఉంది. ట్రాజన్ నాటికి 30 లెజియన్లు, అంటే రోమన్ పౌరులతో కూడిన పెద్ద సైనిక దళాలు. వాటికి తోడు స్థానిక జాతుల నుంచి తీసుకున్న సహాయ దళాలు. అన్నీ కలిపితే సుమారు 3 లక్షల మంది. జనాభా 5, 6 కోట్లు ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆ సైన్యంలో ఎక్కువ భాగం రైన్, డాన్యూబ్ నదుల వెంట, సిరియా వైపు సరిహద్దుల్లో ఉండేది. ప్లినీ రాష్ట్రంలో ఒక్క లెజియన్ కూడా లేదు. పెద్ద గొడవ జరిగితే ఆయన చేతిలో ఉన్నది కొద్దిపాటి బలగమే. కాబట్టి 150 మంది ఒక మాట మీద నిలబడితే అది చిన్న సంఖ్యేమీ కాదు.

ఈ సంగతి పాలితులకూ తెలుసు. క్రీ.శ. 66లో యెరూషలేము తిరుగుబాటుకు సిద్ధమవుతుంటే, రోమ్‌కు అనుకూలంగా ఉండే రాజు రెండో అగ్రిప్ప జనానికి నచ్చచెప్పబోయాడు. ఆ ప్రసంగాన్ని యూదు చరిత్రకారుడు జోసెఫస్ తన మాటల్లో రాశాడు. ఆసియా రాష్ట్రంలో 500 నగరాలు కాపలా సైన్యం లేకుండానే ఒక్క గవర్నర్‌కు తలవంచుతున్నాయి, గాల్ దేశమంతటినీ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) 1200 మంది సైనికులతో అదుపులో పెట్టారు, మీరెంత? అని అగ్రిప్ప అడిగాడట. జనం రాళ్లు రువ్వి ఆయన్ని ఊరి బయటికి తరిమారు. నాలుగేళ్లకు దేవాలయం బూడిదైంది.

అగ్రిప్ప ఆ లెక్కల్ని బెదిరింపుగా చెప్పాడు. నాకు మాత్రం అవి ప్రశ్నలా వినిపిస్తాయి. సైన్యం లేని ఆ 500 నగరాలూ ఎవరి వల్ల అణిగి ఉన్నాయి? పన్ను ఎవరు వసూలు చేశారు? తగాదాలు ఎవరు తీర్చారు?

ఊరి పెద్దలే. రోమ్ చేసిన అసలు పని వాళ్లను తనవైపు తిప్పుకోవడం. స్పెయిన్‌లో ఇర్నీ అని ఒక చిన్న ఊరు. పెద్దగా పేరున్నదేమీ కాదు. ఆ ఊరి పాలనా చట్టం చెక్కిన కంచు పలకలు 1981లో దొరికాయి. ఊరికి 63 మంది కౌన్సిలర్లు, ఏడాదికోసారి మారే అధికారులు. ఆ అధికారి పదవీకాలం ముగించుకుని దిగిపోగానే రోమన్ పౌరుడవుతాడు. ఆయనొక్కడే కాదు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు కూడా. ఇక ఆ ఇంటివాళ్లు రోమ్ మీద తిరగబడతారా? తిరగబడేవాడిని వాళ్లే పట్టిస్తారు.

ఆ పౌరసత్వం విలువేమిటో బైబిల్ చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అపొస్తలుల కార్యములలో పౌలును కొరడాలతో కొట్టబోతారు. నేను రోమా పౌరుణ్ని అనగానే చేతులు ఆగిపోతాయి. సైనికాధికారి కంగారుపడి, నేను చాలా డబ్బు పోసి ఈ పౌరసత్వం కొనుక్కున్నాను అంటాడు. నాకు పుట్టుకతోనే వచ్చింది అంటాడు పౌలు. యూదుడు, టార్సస్ ఊరివాడు, పుట్టుకతో రోమన్! అదే సమయంలో పౌరసత్వం లేనివాడి వీపు మాత్రం కొరడాకి అందుబాటులోనే ఉందని మరచిపోకండి. ఈ శాంతిలో అందరికీ ఒకే వాటా లేదు.

ఈ తలుపు ఎంత దూరం తెరవాలన్న దాని మీద రోమ్‌లోనే గొడవ జరిగింది. క్రీ.శ. 48లో గాల్ పెద్దలు తమకూ సెనేట్‌లో చోటు కావాలన్నారు. పాత సెనేటర్లు ఒప్పుకోలేదు. వీళ్ల తాతలే కదా అలేసియా దగ్గర మన సీజర్‌ను చుట్టుముట్టింది అన్నారు. క్లాడియస్ చక్రవర్తి లేచి మాట్లాడాడు. ఆయన పుట్టింది గాల్‌లోని లియోన్‌లో. ఆ ప్రసంగం చెక్కిన కంచు పలక 1528లో లియోన్‌లోనే దొరికింది. రోమ్ తొలి రాజుల్లో పరాయివాళ్లు లేరా అని మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్తాడు. మధ్యలో, ఇక నీ ఉపన్యాసం ఎటు పోతోందో సభకు చెప్పే వేళైంది అని తన పేరు పెట్టి తనే హెచ్చరించుకుంటాడు. ఉపన్యాసాలిచ్చేవాడిగా నాకు ఆ వాక్యం మీద ప్రత్యేకమైన ప్రేమ. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ అదే ప్రసంగాన్ని చక్కగా దిద్ది రాశాడు. అందులో క్లాడియస్ వాదన సూటిగా ఉంటుంది: యుద్ధంలో అంత బలమున్న స్పార్టా, ఏథెన్స్ ఎందుకు కూలాయి? ఓడినవాళ్లను పరాయివాళ్లుగానే ఉంచబట్టి. చివరికి ఏడుయి జాతి పెద్దలకు ముందుగా సెనేట్‌లో చోటు దొరికింది.

క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు. ఎక్కువ మంది నుంచి పన్ను రాబట్టడానికే ఇచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు డియో అంటాడు. అప్పటికే చట్టం పెద్దమనుషులకో శిక్ష, బీదలకో శిక్ష వేస్తోంది కాబట్టి ఆ కాగితం విలువ పాత విలువ కాదు.

దేవుళ్ల సంగతికొస్తే, రోమన్లు చాలావరకు ఎవరి గుడి జోలికీ పోలేదు. బ్రిటన్‌లోని బాత్‌లో స్థానిక దేవత సులిస్‌ను తమ మినర్వాతో కలిపి ఒకే పేరుతో కొలిచారు. దీన్ని పరమత సహనమని పొగిడేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. పూజారులు జనాన్ని కూడగడతారనిపించిన చోట, గాల్, బ్రిటన్‌లలోని డ్రూయిడ్లనే పూజారుల విషయంలో లాగా, నిర్దాక్షిణ్యంగా తుడిచిపెట్టారు. ఫైర్‌మన్ల భయమే ఇక్కడా.

మరి పెద్దల్ని తమవైపు ఉంచుకోవడమే సూత్రమైతే, దాన్ని రోమన్లే మరిచిన రోజున ఏమైంది? బ్రిటన్‌లో ఐసెనీ జాతి రాజు ప్రాసుటాగస్ రోమ్‌కు మిత్రుడు. చనిపోతూ తన ఆస్తికి కూతుళ్లతో పాటు నీరో చక్రవర్తిని కూడా వారసుడిగా రాశాడు, అలాగైనా ఇల్లు నిలుస్తుందని. అధికారులు మొత్తం దోచేశారు. రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు. కూతుళ్లపై అత్యాచారం చేశారు. జాతి పెద్దల భూములు లాక్కున్నారు. క్రీ.శ. 60, 61 ప్రాంతంలో బౌడికా తిరగబడి కొల్చెస్టర్, లండన్, వెరులామియం నగరాలను తగలబెట్టింది. లండన్‌లో తవ్వితే ఆ మంటల ఎర్రమట్టి పొర ఇప్పటికీ కనిపిస్తుంది. చచ్చినవాళ్లు 70 వేలని టాసిటస్ లెక్క. అది ఎక్కువేమో కానీ నాశనం మాత్రం నిజం.

గవర్నర్ సుయెటోనియస్ పౌలినస్ తిరుగుబాటును అణిచాడు. ఆ తర్వాత కూడా ఆగలేదు, ఊళ్లు తగలబెడుతూనే పోయాడు. జనం ఆకలితో చస్తున్నారు. అప్పుడు ఖజానా చూసుకోవడానికి కొత్త అధికారి వచ్చాడు. పేరు జూలియస్ క్లాసికియానస్. మనిషి గాల్ ప్రాంతం వాడేనని పరిశోధకుల అభిప్రాయం. ఈ గవర్నర్ ఉన్నంతకాలం లొంగేవాళ్లు కూడా లొంగరు, కోపం లేని మనిషిని పంపండి అని ఆయన రోమ్‌కు రాశాడు. నీరో విచారణకు మనిషిని పంపి, చివరికి గవర్నర్‌ను మార్చాడు. కొత్తగా వచ్చినవాడు ఎవరినీ కెలకలేదు, ఎవరితో కెలికించుకోలేదు. సోమరితనానికి శాంతి అని పేరు పెట్టాడని టాసిటస్ వెటకారం చేశాడు. టాసిటస్‌కు యుద్ధవీరులంటే ఇష్టం. నాకైతే ఆ సోమరి గవర్నరే నయమనిపిస్తాడు.

క్లాసికియానస్ లండన్‌లోనే చనిపోయాడు. ఆయన సమాధి రాళ్లను తర్వాతి కాలంలో ఎవరో నగరపు గోడ బురుజు కట్టడానికి వాడేసుకున్నారు. 1852లో కొంత, 1935లో కొంత బయటపడ్డాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ సమాధి కట్టించింది ఆయన భార్య. రాతి మీద ఆమె తన తండ్రి పేరు కూడా చెక్కించింది: ఇండస్. మన సింధు నదితో సంబంధమేమీ లేదు, గాల్‌లోని ట్రెవెరీ జాతి పెద్ద ఆయన. క్రీ.శ. 21లో తన సొంత జాతివాళ్లు రోమ్ మీద తిరగబడితే, గుర్రపు దళంతో వెళ్లి వాళ్లను చెల్లాచెదురు చేసింది ఆయనే. రోమన్ సైన్యంలో ఒక అశ్వదళానికి ఆయన పేరే పెట్టారు.

ఆ ఇండస్ కూతురి పేరు జూలియా పకాటా. లాటిన్‌లో పకాటా అంటే శాంతికి తేబడినది, అంటే అణిగినది.

నమస్కారం.